రెండో పంపు పెట్టామంటే సరిపోదు, దానికి వేరే వైరు వేరే పైపు ఉన్నాయా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పడవ మునిగిందని మీ పేపర్లో వార్త వచ్చిన ప్రతిసారీ నేను చివరి లైను దాకా చదువుతా. ఎంతమంది ఎక్కారు, లైఫ్ జాకెట్లు ఉన్నాయా లేవా, గాలి ఎలా ఉంది అన్నీ రాస్తారు, బాగానే రాస్తారు, కానీ ఆ బోట్లోకి నీళ్ళు ఎటు నుంచి వచ్చాయి, లోపల బిల్జ్ పంపు ఉందా, ఉంటే ఆ టైంలో తిరుగుతోందా ఆగిపోయిందా అన్న మాట మాత్రం ఎక్కడా దొరకదు. బోటు ఉన్నవాడికి ముందు కావాల్సింది అదే కదండి. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా, కొంచెం పెద్దదే అయింది, కుదిరితే మొత్తం వెయ్యండి.

బోట్ల సంగతి తెలియని వాళ్ళ కోసం ఒక్క ముక్క. బోటు అడుగున అన్నిటికన్నా లోతుగా ఉండే భాగాన్ని బిల్జ్ అంటారు, వాన నీళ్ళు, అల చిమ్మిన నీళ్ళు, ఇంజను నుంచి ఫ్యాను తిప్పే షాఫ్ట్ బయటికి వెళ్ళే చోట నీళ్ళు రాకుండా బిగించే గ్లాండ్ లోంచి కారే చుక్కలు అన్నీ చివరికి అక్కడికే చేరతాయి. వాటిని తోడి బయట పోసేది బిల్జ్ పంపు. చిన్న బోట్లలో ఎక్కువగా 12 వోల్టుల సెంట్రిఫ్యూగల్ పంపే (లోపల చక్రం గిర్రున తిరిగి నీళ్ళని తోసేది) ఉంటుంది, నీళ్ళలోనే కూర్చుని తిరుగుతుంది, పక్కన ఒక ఫ్లోట్ స్విచ్ ఉంటుంది, నీళ్ళు పెరిగితే ఫ్లోట్ లేచి పంపు ఆన్ అవుతుంది, తగ్గితే ఆగుతుంది. దీనికి తోడు చాలామంది ఇంకో పంపు పెట్టించుకుంటారు. నేనూ పెట్టించుకున్నా. రెండు పంపులున్నాయి కదా అని రాత్రిళ్ళు నిశ్చింతగా పడుకున్నా కూడా.

నాది ఏడు మీటర్ల ఫైబర్ బోటు, లోపల డీజిల్ ఇంజను. ఒకరోజు రాత్రంతా వాన, తెల్లారుజామున పక్క బోటు తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, నీ బోటు వెనక భాగం బాగా కిందకి దిగిపోయింది, తొందరగా రా" అన్నాడు. వెళ్ళి మూత తీస్తే ఇంజను సగం దాకా నీళ్ళు, లోపల చెక్కలు తేలుతున్నాయి, రెండు పంపుల్లో ఒక్కదాని చప్పుడు కూడా లేదు. ఇద్దరం బకెట్లు పట్టుకుని తోడుతూనే ఉన్నాం, నేను పోస్తున్నా నీళ్ళు తగ్గట్లేదు, అప్పుడు ఆ తమ్ముడు వంగి చూసి, "అన్నా, పంపు నుంచే లోపలికి వస్తోంది చూడు" అన్నాడు. చెయ్యి పెట్టి చూస్తే నిజమే, పంపు అడుగున ఉన్న జల్లెడ లోంచి నీళ్ళు లోపలికి తోసుకొస్తున్నాయి. పైపు మడిచి తాడుతో బిగించి కట్టేశాక గానీ మట్టం దిగడం మొదలవలేదు.

తర్వాత రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ విప్పి చూశా. నీళ్ళు మొదట వచ్చింది గ్లాండ్ దగ్గర నుంచి, నట్టు వదులై చుక్కలు పడాల్సిన చోట సన్నటి ధార పడుతోంది. చూడ్డానికి అది అసలు లెక్కలోకి రాదు, నిమిషానికి ఒక లీటరు వేసుకోండి, ఎనిమిది గంటల్లో 480 లీటర్లు, అంటే దాదాపు అర టన్ను బరువు, దానికి తోడు వాన. ఆ బరువంతా వెనక చేరింది కాబట్టి బోటు వెనక్కి దిగింది, దిగేసరికి పంపుల నీళ్ళు బయటికి పోయే బెజ్జం ఏదైతే ఉందో అది నీళ్ళ కిందకి వెళ్ళిపోయింది, సెంట్రిఫ్యూగల్ పంపు ఆగిపోయినప్పుడు నీళ్ళని ఆపదు, దాని లోపల మూసే తలుపు ఏమీ ఉండదు, కాబట్టి బయటికి తోడాల్సిన పైపే లోపలికి నీళ్ళు తెచ్చే గొట్టం అయిపోయింది.

మరి పంపులెందుకు తిరగలేదంటారా. రెండో పంపు బిగించిన మనిషి దానికి వేరే వైరు లాగలేదు, మొదటి పంపుకి వెళ్ళే వైరుకే మధ్యలో అతుకు వేశాడు, ఆ అతుకు ఉన్నది బిల్జ్ నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో. పైన నల్ల టేపు చుట్టి ఉంది. టేపు విప్పితే లోపల రాగి కనపడలేదు, ఆకుపచ్చ చిలుము, గోరుతో గీకితే పొడిగా రాలింది, వైరుని కొంచెం వంచగానే ఎండిన పుల్లలా విరిగి నా చేతిలోకి వచ్చేసింది. పంపులు రెండూ బాగానే ఉన్నాయి, బ్యాటరీకి నేరుగా తగిలిస్తే రెండూ తిరిగాయి. బ్యాటరీ కూడా నిండుగానే ఉంది. ఆ ఒక్క అతుకు దగ్గర రెండు పంపులూ ఒకేసారి చచ్చిపోయాయి. పైపు కూడా అంతే, రెండో పంపు పైపుని టీ (మూడు నోళ్ళ పైపు జాయింటు) పెట్టి మొదటి దాని పైపులోనే కలిపేశారు, బయటికి బెజ్జం ఒకటే. ఫ్యూజ్ ఒకటే, ఫ్లోట్ స్విచ్ కూడా ఒకటే. ఇన్ని ఒకటైనప్పుడు రెండో పంపు ఉండి నాకు ఒరిగిందేంటి?

ఆ బిగించిన మనిషి మీద నాకు కోపం ఉంది, దాచుకోను. కానీ తర్వాత నేను చూసిన బోట్లలో కూడా ఇలాగే బిగించి ఉన్నాయి కాబట్టి ఇది ఒక్కడి తప్పు అని అనలేను, పని అలవాటైపోయింది అలా, టీ పెడితే ఒక బెజ్జం తప్పుతుంది, అతుకు వేస్తే వైరు మిగులుతుంది. ఓనర్లు కూడా అడగరు, నేనూ అడగలేదు, స్విచ్ వేస్తే బుర్రుమని చప్పుడు వచ్చింది, చాలనుకున్నా.

టీ ఎందుకు పనికిరాదో చెప్తా. ఒక పంపు తిరిగినప్పుడు అది తోసిన నీళ్ళు బయటికే పోవాలని ఏమీ లేదు, ఆగి ఉన్న రెండో పంపు లోంచి మళ్ళీ బిల్జ్ లోకే దిగొచ్చు, అంటే అవే నీళ్ళని గుండ్రంగా తిప్పుతూ బ్యాటరీ ఖాళీ చేసుకోవడం. రెండూ ఒకేసారి తిరిగితే ఒకే పైపులో ఇరుక్కుని రెండిటి నీళ్ళూ తగ్గుతాయి. దీనికి చెక్ వాల్వ్, అంటే నీళ్ళని ఒకవైపే పోనిచ్చేది, పెడితే సరి అంటారు కొందరు, నేను మాత్రం వద్దనే అంటా, అది నీళ్ళ ప్రవాహానికే అడ్డం, పైగా చిన్న చెత్త ఇరుక్కుంటే తెరుచుకుని ఉండిపోతుంది లేదా మూసుకుని ఉండిపోతుంది, ఏది జరిగినా బయటికి కనపడదు.

ఇప్పుడు నా బోట్లో ఎలా పెట్టానో రాస్తా. చిన్న పంపు, 500 జీపీహెచ్ ది, అంటే గంటకి 500 గ్యాలన్లు అన్నమాట, అది అట్టడుగున ఉంది, రోజువారీ నీళ్ళు అది తోడుతుంది. పెద్దది 2000 జీపీహెచ్, దాన్ని చిన్నదాని కన్నా ఎనిమిది సెంటీమీటర్లు ఎత్తులో పలక వేసి బిగించా, దానికి సొంత ఫ్లోట్ స్విచ్, అది ఇంకొంచెం ఎత్తులో. మామూలు రోజుల్లో పెద్దది తడవను కూడా తడవదు, బురదలో నూనెలో నానదు కాబట్టి అవసరం వచ్చినప్పుడు శుభ్రంగా ఉంటుంది. పెద్దది తిరిగిందంటేనే చిన్నది ఆగిపోయిందనో, లేకపోతే దాని వల్ల కానంత నీళ్ళు వస్తున్నాయనో అర్థం. అందుకే పెద్దదాని ఫ్లోట్ లేచే ఎత్తులోనే ఇంకో ఫ్లోట్ పెట్టి దానికి ఒక హారన్ కలిపా, చప్పుడు గట్టిగా ఉంటుంది, ఇంజను నడుస్తున్నా వినపడుతుంది. పెద్ద పంపు పెట్టి అలారం పెట్టకపోతే నీళ్ళు వస్తున్నాయన్న సంగతే మనకి తెలీదు, పంపు మౌనంగా తోడుతూ తోడుతూ బ్యాటరీ అయిపోయాక అప్పుడు తెలుస్తుంది.

పంపు పెట్టె మీద రాసిన అంకె గురించి ఒక మాట చెప్పాలి, ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. మోసం అంటే కంపెనీ అబద్ధం రాసిందని కాదు, ఆ అంకె పైపు పైకి ఎక్కకుండా, ఇంజను ఛార్జింగ్ ఇస్తున్నప్పుడు ఉండే 13.6 వోల్టుల దగ్గర కొలిచింది. మన బోట్లో పైపు ఒక మీటరు పైకి ఎక్కాలి, వంపులు తిరగాలి, బ్యాటరీ 12 దగ్గరో ఇంకా కిందో ఉంటుంది. నేను 20 లీటర్ల బకెట్ పట్టి వాచీ చూసుకుని కొలిచా. 2000 జీపీహెచ్ అంటే నిమిషానికి 126 లీటర్లు, ఆ లెక్కన బకెట్ తొమ్మిదిన్నర సెకన్లలో నిండాలి, నాకు 17 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 70 లీటర్లు. సగం కన్నా కొంచెం ఎక్కువ.

ఆ 70 లీటర్లు ఎంత నీళ్ళకి సరిపోతాయి అంటారా, నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల కింద ఒక అంగుళం చిల్లు ఉందనుకోండి, అడ్డేమీ లేకపోతే దాంట్లోంచి నిమిషానికి సుమారు 70 లీటర్ల దాకా లోపలికి వస్తాయి. చిల్లు రెండంగుళాలైతే దానికి నాలుగింతలు. నా పెద్ద పంపు ఒక్క అంగుళం చిల్లుకి అటూ ఇటూగా సరిపోతుంది, అంతే. ఒక మోస్తరు హోస్ పైపు ఊడిపోయినా ఆ పాటి చిల్లే పడుతుంది. చిన్న బోట్ల బిల్జ్ పంపింగుకి ఐఎస్ఓ 15083 అని అంతర్జాతీయ స్టాండర్డ్ ఉంది, అది కూడా మామూలుగా చేరే నీళ్ళని తోడటానికే, బోటుకి దెబ్బ తగిలి పడే చిల్లుల కోసం కాదని అందులోనే చెప్పారు. కాబట్టి పెద్ద పంపు మనకి ఇచ్చేది టైమే, ఆ టైంలో చిల్లు వెతికి మూయాలి. ప్రతి నీటి వాల్వ్ పక్కనా మెత్తటి చెక్కతో చేసిన మొన బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి, ఊడిన చోట కొట్టి బిగించేస్తే తర్వాత మిగతా పని నెమ్మదిగా చూసుకోవచ్చు.

వైరు విషయం. బ్యాటరీ నుంచి పంపు ఆరు మీటర్ల దూరం, పోనూ రానూ పన్నెండు. పెద్ద పంపు 10 ఆంపియర్లు తీసుకుంటుంది. మామూలుగా దొరికే 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే దారిలోనే 1.4 వోల్టులు పోతాయి, పంపుకి చేరేది పదిన్నరే, ఇక అది ఏం తిరుగుతుంది. 6 స్క్వేర్ ఎంఎం వేస్తే పోయేది 0.35, అది మూడు శాతం లోపు, అలాగే వేయించా. రాగి మీద తగరం పూత ఉన్న వైరే వాడాలి, మామూలు రాగి ఉప్పు గాలికి లోపల్లోపలే చిలుము పట్టేస్తుంది. అతుకులు ఎన్ని తక్కువైతే అంత మంచిది, ఉన్నవి కూడా బిల్జ్ కి దూరంగా వీలైనంత పైన, లోపల జిగురు ఉన్న వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టంతో మూసి ఉండాలి. నల్ల టేపు వద్దు, నా అనుభవంతో చేతులు జోడించి చెప్తున్నా, ఆ టేపు నీళ్ళని ఆపదు, లోపలికి పోయిన తేమని బయటికి పోనివ్వదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది, పాజిటివ్ వైరు పొర చిరిగి బిల్జ్ నీళ్ళలో నానుతూ ఉంటే ఆ కరెంటు అడుగున ఉన్న లోహపు ఫిట్టింగులని తినేస్తుంది, మనం నీళ్ళు తోడటానికి పెట్టిన పంపే కొత్త చిల్లు వేసినట్టు అవుతుంది.

రెండు పంపుల ఆటో లైన్లూ (ఫ్లోట్ స్విచ్ తో నడిచేవి) మెయిన్ స్విచ్ దాటి నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, లేకపోతే రాత్రి మెయిన్ ఆఫ్ చేసి ఇంటికెళ్ళగానే పంపులు కూడా ఆఫ్. అలా నేరుగా తెచ్చినప్పుడు బ్యాటరీ దగ్గరే ఎవరి ఫ్యూజ్ వాళ్ళకి ఉండాలి, పంపు కాగితంలో ఎంత రాస్తే అంతే. పోతోంది కదా అని పెద్ద ఫ్యూజ్ వేసేవాళ్ళని చూశా. తాడు ముక్క చుట్టుకుని పంపు లోపలి చక్రం, అదే ఇంపెల్లర్, బిగుసుకుపోతే మోటారు తిరగకుండా కరెంటు లాగుతూ వేడెక్కుతుంది, సరైన ఫ్యూజ్ ఉంటే పోతుంది, పెద్దది ఉంటే పోదు, ఇక అక్కడ నుంచి మంటే.

పైపుల సంగతి త్వరగా చెప్పేస్తా. లోపల గరుకు గీతలుండే ముడతల పైపు కన్నా లోపల నునుపుగా ఉండేది వాడండి, నీళ్ళు ఎక్కువ వస్తాయి. పంపు నుంచి బెజ్జం దాకా పైపు ఎక్కుతూనే పోవాలి, మధ్యలో వేలాడితే ఆ వంపులో నీళ్ళు నిలిచి, పంపులో గాలి ఇరుక్కుని, మోటారు తిరుగుతున్నా నీళ్ళు రావు. కొసలకి రెండేసి స్టీల్ క్లాంపులు. అన్నిటికన్నా ముఖ్యం బెజ్జం ఎత్తు, బోటు ఖాళీగా ఉన్నప్పుడు చూసి బెజ్జం వెయ్యకండి, మనుషులెక్కి సరుకు ఎక్కి ఒక పక్కకి ఒరిగినప్పుడు కూడా నీళ్ళకి పైనే ఉంటుందా చూసుకోండి. ఏమాత్రం అనుమానం ఉన్నా పైపుని బాగా పైకి తీసుకెళ్ళి వంచి, ఆ వంపు నెత్తి మీద గాలి పీల్చుకునే వాల్వ్ పెట్టి అప్పుడు కిందకి తేవాలి. నాది ఇప్పుడు అలాగే ఉంది, రెండు బెజ్జాలు, రెండిటికీ వంపులు.

పెట్రోలు ఇంజను ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి, పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, అది కూడా బిల్జ్ లోకే దిగి కూర్చుంటుంది. అక్కడ పెట్టే పంపు గానీ స్విచ్ గానీ నిప్పురవ్వ బయటికి రానివ్వని రకం అయి తీరాలి. ఏదో ఒక పంపు దొరికింది కదా అని బిగించెయ్యకండి. అలాగే నూనె కలిసిన బిల్జ్ నీళ్ళు బయటికి పోకుండా నూనె పీల్చే ప్యాడ్లు పరిచి ఉంచండి, చేపలు బతికే నీళ్ళు అవి.

ఇంత చేశాక కూడా నాకు నమ్మకం కుదిరింది టెస్ట్ చేశాకే. ఫ్లోట్ ని వేలితో లేపి బుర్రుమంటే సరే అనుకునేవాడిని ఇదివరకు, ఆ చప్పుడుతో మోటారు తిరుగుతోందని తెలుస్తుంది తప్ప నీళ్ళు పోతున్నాయని తెలీదు. ఇప్పుడు నెలకోసారి బకెట్లతో నిజంగా నీళ్ళు పోస్తా, చిన్న పంపు ఫ్యూజ్ తీసేసి పెద్దది తనంతట తను లేస్తుందా హారన్ మోగుతుందా చూస్తా, బయట ధార చూస్తా, జల్లెడ ఊడదీసి వెంట్రుకలు, తాడు పీచు, ప్లాస్టిక్ ముక్కలు తీసేస్తా. ఫ్లోట్ దగ్గర ఏదైనా ఇరుక్కుని ఉంటే అది లేవదు, లేదా లేచింది కింద పడదు, రెండూ చూశా. 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం వాడుకోవచ్చు అనుకుంటే పెద్ద పంపు ఆగకుండా తిరిగితే ఐదు గంటలు వస్తుంది, అంతకన్నా రాదు, ఆ లెక్క గుర్తు పెట్టుకునే వాన పడే రోజుల్లో బోటు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో అనుకుంటున్నా. ఇవన్నీ ఉన్నా చేత్తో కొట్టే పంపు ఒకటీ బకెట్లు రెండూ బోట్లోనే ఉంటాయి, వాటికి వైరు అక్కర్లేదు.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది రెండు. ఇకనుంచి బోటు మునిగిన వార్త రాసే మీ విలేకరులని నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి, పంపులు ఎన్ని, వాటి వైరూ పైపూ వేర్వేరా అని కూడా అడిగి రాయమనండి, పది సార్లు అలా వస్తే ఓనర్లు తమ బోటు మూత తీసి చూసుకుంటారు. రెండోది, ఆదివారం పేజీలో ఎప్పుడైనా ఒక బొమ్మ వెయ్యండి, కింద చిన్న పంపు, పైన పెద్ద పంపు, రెండు వైర్లు, రెండు ఫ్యూజులు, రెండు బెజ్జాలు, ఒక హారన్, అంతే. చాలామందికి ఇంత ఉత్తరం చదివే ఓపిక ఉండదు, బొమ్మైతే కత్తిరించి మెకానిక్ చేతిలో పెట్టి ఇలాగే కావాలి అంటారు. మీ ఆర్టిస్టుని పంపితే నా బోటు మూత తీసి చూపిస్తా, ముందు మొదటి పంపు ఫ్యూజ్ తీసేసి తర్వాత నీళ్ళు పోస్తా, రెండోది ఎలా లేస్తుందో దగ్గరుండి చూసి గీసుకోవచ్చు. ఆ విరిగిన వైరు ముక్క కూడా దాచి ఉంచా, దాని ఫోటో వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక చిన్న బోటు ఓనరు